టిక్స్‌కీ గొంతు ఇన్ఫెక్షన్‌కీ లంకె: ఎంతవరకు నిజం?

ఏడేళ్ళ పిల్లాడు ఉన్నట్టుండి కళ్ళు టపటపలాడించడం మొదలుపెడతాడు. టీవీ ఎక్కువైందని రిమోట్ దాచేస్తారు. కళ్ళ డాక్టర్ అలర్జీ కావచ్చని చుక్కల మందు రాస్తే రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది, హమ్మయ్య అనుకుంటారు. నెల తిరిగేసరికి మెడ ఒక పక్కకి విదిలించడం, దాంతోపాటు జలుబూ దగ్గూ ఏమీ లేకుండానే గంటకి యాభైసార్లు గొంతు సవరించుకోవడం. ఈసారి అమ్మమ్మ దిష్టి తీస్తుంది. అదీ పనిచేస్తుంది, కొన్నాళ్ళు.

ఈ దశలోనే ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్‌లో వెతికి 'పాండాస్' అనే మాట పట్టుకొస్తారు. గొంతులో చేరిన బ్యాక్టీరియా మీద శరీరం చేసిన యుద్ధం గురి తప్పి మెదడుకి తగిలిందనీ, యాంటీబయాటిక్ వాడితే పోతుందనీ దాని సారాంశం. ఏఎస్ఓ అనే రక్తపరీక్ష చేయిస్తారు, అంకె ఎక్కువే వస్తుంది. ఇంకేం, కారణం దొరికిపోయిందనిపిస్తుంది. నిజంగా దొరికిందా అనేదే ఇక్కడ ప్రశ్న. జవాబు 'లేదు' వైపే ఎక్కువ మొగ్గుతుంది, కానీ రోగనిరోధక వ్యవస్థకి ఇలాంటి కదలికలతో, అంటే టిక్స్‌తో, అసలు సంబంధమే లేదని దాని అర్థం కాదు. ఈ రెండు మాటల్నీ కలిపేయడం వల్లే చాలా గందరగోళం పుడుతోంది.

టిక్ అంటే చటుక్కున వచ్చి పోయే కదలికో శబ్దమో. రెప్పలార్పడం, ముక్కు ఎగబీల్చడం, భుజం ఎగరేయడం, మూతి వంకర తిప్పడం, చిన్న కూత. బడి వయసు పిల్లల్లో ఐదుగురిలో ఒకరి దాకా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటివి కనిపించి, చాలామందిలో ఏడాది లోపే మాయమవుతాయి. కదలికల టిక్స్ కొన్ని, శబ్దపు టిక్ కనీసం ఒకటి ఉండి, ఏడాది దాటినా పోకపోతే దాన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారు. బడి వయసు పిల్లల్లో ఇది ఒక శాతం లోపే, అమ్మాయిల కంటే అబ్బాయిల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. (సినిమాల్లో చూపించే బూతులు అరిచే లక్షణం టూరెట్ ఉన్నవాళ్ళలో కూడా పది పదిహేను శాతం మందికే ఉంటుంది.) సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య మొదలై, పది పన్నెండేళ్ళప్పుడు ముదిరి, టీనేజ్ గడిచేకొద్దీ తగ్గుతాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైన లక్షణం ఇంకొకటుంది. టిక్స్ ఎక్కువా తక్కువా అవుతూ ఉంటాయి, అదీ చాలాసార్లు పైకి కనిపించే కారణమేమీ లేకుండా. వారాల తరబడి ముదురుతాయి, మళ్ళీ వాటంతటవే సద్దుమణుగుతాయి, ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. తల్లిదండ్రులు డాక్టర్ దగ్గరికి పరుగెత్తేది బాగా ముదిరినప్పుడే కదా, అంటే ఆ రోజు ఏ మందు వేసినా, అసలేమీ వేయకపోయినా, ఆ తర్వాత తగ్గే అవకాశమే ఎక్కువ. కళ్ళ చుక్కలు పనిచేసినట్టు కనిపించింది అందుకే, దిష్టి పనిచేసింది కూడా అందుకే. యాంటీబయాటిక్ కోర్సుకీ ఇదే పరీక్ష పెట్టాలి, దానికొక్కదానికీ మినహాయింపు ఇవ్వడానికి వీల్లేదు.

అలాగని బ్యాక్టీరియా కథ గాలిలోంచి పుట్టలేదు. దానికి మంచి మూలమే ఉంది, మూడు వందల ఏళ్ళకు పైబడిన మూలం. థామస్ సిడెన్‌హామ్ అనే ఇంగ్లిష్ వైద్యుడు 1686లో పిల్లల్లో వచ్చే ఒక వింత కదలికల జబ్బును వర్ణించాడు. చేతులూ కాళ్ళూ ముఖమూ తమ ఇష్టానికి కదిలిపోతుంటాయి, పిల్లలు గ్లాసు పట్టుకోలేరు, నడక తూలుతుంది. దీన్ని ఇప్పుడు సిడెన్‌హామ్ కొరియా అంటున్నారు. ఇది రుమాటిక్ జ్వరంలో భాగమని తర్వాత తేలింది. గొంతులో గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ (క్లుప్తంగా స్ట్రెప్) బ్యాక్టీరియా చేరి పోయాక, దాన్ని చంపడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు కొందరిలో సొంత కణజాలం మీదికే తిరుగుతాయి. కీళ్ళు వాస్తాయి, గుండె కవాటాలు దెబ్బతింటాయి, కొందరిలో మెదడు లోపలి బేసల్ గాంగ్లియా మీద ప్రభావం పడుతుంది. ఏ కదలికను బయటికి పంపాలి, దేన్ని లోపలే ఆపాలి అని వడపోసే చోటు అది. బ్యాక్టీరియా పైపొరలోని ఒక చక్కెర అణువుకీ మెదడు కణాల పైనుండే ఒక కొవ్వు అణువుకీ పోలిక ఉందనీ, కొరియా ఉన్న పిల్లల యాంటీబాడీలు రెంటినీ పట్టుకుంటున్నాయనీ 2003లో ప్రయోగశాలలో చూపించారు కూడా.

అంటే గొంతునొప్పి వల్ల పుట్టిన యాంటీబాడీ పిల్లల చేతులూ కాళ్ళూ ఆడించగలదు. ఇందులో అనుమానం లేదు. బేసల్ గాంగ్లియా టిక్స్‌కి కూడా కేంద్రమే కాబట్టి, కొరియాలో జరిగేదే కాస్త తక్కువ మోతాదులో టిక్స్‌లోనూ జరుగుతోందేమో అనే ఊహ సహజం. అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేసిన సూసన్ స్వీడో బృందం చేసింది ఆ ఊహే. కొరియా ఉన్న పిల్లల్లో అతి శుభ్రం, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయడం లాంటి ఓసీడీ లక్షణాలు కనబడటంతో వాళ్ళు అటువైపు చూశారు. 1998లో 50 మంది పిల్లల వివరాలు ప్రచురించి, ఈ రకానికి పాండాస్ అని పేరు పెట్టారు. యుక్తవయసుకి ముందే మొదలవడం, ఓసీడీ గానీ టిక్స్ గానీ రెండూ గానీ ఉండటం, హఠాత్తుగా రావడం లేదా ఒక్కసారిగా ముదరడం, ఆ సమయానికి స్ట్రెప్ ఇన్ఫెక్షన్ తోడవడం, చిన్నపాటి నరాల లక్షణాలు ఉండటం దాని కొలమానాలు.

చిక్కంతా 'ఆ సమయానికి తోడవడం' దగ్గరే వచ్చింది.

బడికెళ్ళే పిల్లలకి గొంతునొప్పి రావడం వింతా? పైగా ఏ బాధా లేని ఆరోగ్యవంతులైన పిల్లల్లో కూడా వందకి పన్నెండు మంది గొంతులో ఈ బ్యాక్టీరియా ఊరికే కాపురముంటుంది, స్వాబ్ తీస్తే పాజిటివ్ వస్తుంది. ఇక ఏఎస్ఓ సంగతి. అది ఈ మధ్యకాలంలో ఎప్పుడో స్ట్రెప్ తగిలిందని మాత్రమే చెబుతుంది. ఇన్ఫెక్షన్ తర్వాత మూడు నుంచి ఐదు వారాలకి పెరిగి, నెలల తరబడి అలాగే ఉండగలదు. ల్యాబ్ రిపోర్టులో 200 అనే గీత పెద్దవాళ్ళ లెక్క, బడి పిల్లల్లో ఆ గీత దాటి ఉండటం మామూలే. టిక్స్ లేని పక్కింటి పిల్లాడికి చేయించినా అదే అంకె రావచ్చు. ఒక పక్క తనంతట తాను హెచ్చుతగ్గులయ్యే జబ్బు, ఇంకో పక్క ఏడాదిలో చాలా రోజులు పాజిటివ్‌గా ఉండే పరీక్ష. రెండూ ఒకే వారంలో కలవకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అందుకే వెనక్కి తిరిగి గుర్తు చేసుకోవడం కాకుండా ముందుకి చూస్తూ లెక్కపెట్టే అధ్యయనాలు అవసరమయ్యాయి. అమెరికాలో పాండాస్ కొలమానాలకి సరిపోయే 40 మందినీ, మామూలు టిక్స్ లేదా ఓసీడీ ఉన్న 40 మందినీ జతలుగా పెట్టి రెండేళ్ళపాటు చూశారు. 2008లో వచ్చిన ఆ ఫలితాల్లో టిక్స్, ఓసీడీ ముదిరిన సందర్భాలు 64 ఉంటే, అందులో స్ట్రెప్ ఇన్ఫెక్షన్‌కి దగ్గరలో, అంటే నాలుగు వారాల లోపు పడినవి ఐదు. ఆ ఐదూ పాండాస్ పిల్లల్లోనే. యాదృచ్ఛికంగానైతే ఒకటి రెండుకి మించకూడదు కాబట్టి సంబంధం సున్నా అనలేం. కానీ మిగతా 59 మాటేమిటి? పాండాస్ అని ముద్రపడిన పిల్లల్లో కూడా చాలాసార్లు స్ట్రెప్ ప్రమేయం లేకుండానే ముదురుతోంది.

యూరప్‌లో జరిగిన ఎమ్‌టిక్స్ అధ్యయనం ఇంకా పెద్దది. దీర్ఘకాలిక టిక్స్ ఉన్న 3 నుంచి 16 ఏళ్ళ పిల్లలు 715 మందిని సుమారు 16 నెలలు అనుసరించారు. గొంతు స్వాబ్‌లు, రక్తంలో యాంటీబాడీలు, తల్లిదండ్రుల డైరీలు, అన్నీ. వందకి 43 మంది పిల్లల్లో ఆ కాలంలో టిక్స్ ఒక్కసారైనా ముదిరాయి, స్ట్రెప్‌తో మాత్రం ముడిపడలేదు. (విచిత్రంగా చురుకుదనం, దూకుడు శృతి మించడంతో కొంత సంబంధం కనిపించింది. ఎందుకో తేలాల్సే ఉంది.) ఇదే ప్రాజెక్టు ఇంకో భాగంలో, టిక్స్ ఉన్నవాళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ లాంటి దగ్గరి బంధువులు, అప్పటికి టిక్స్ లేని చిన్నపిల్లలు 259 మందిని గమనిస్తూ పోయారు. వారిలో 61 మందికి టిక్స్ మొదలయ్యాయి. స్ట్రెప్ తగిలినవాళ్ళకే ఎక్కువగా మొదలయ్యాయా అంటే, లేదు. టిక్స్ విషయంలో స్ట్రెప్ సిద్ధాంతానికి తగిలిన పెద్ద దెబ్బ ఇదే. ఎందుకంటే ఇక్కడ ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడలేదు, ముందూ వెనకా కళ్ళముందే నమోదైంది.

మరి ఎదురు సాక్ష్యం లేదా? ఉంది, డెన్మార్క్ నుంచి. అక్కడ పది లక్షలకు పైగా పిల్లల ఆరోగ్య రికార్డులు తిరగేసిన 2017 నాటి అధ్యయనంలో, గొంతు పరీక్షలో స్ట్రెప్ పాజిటివ్ వచ్చిన పిల్లలకి తర్వాత టిక్స్ నిర్ధారణ అయ్యే అవకాశం 35 శాతం, ఓసీడీ అయ్యే అవకాశం 51 శాతం ఎక్కువగా కనబడింది. పాండాస్ సమర్థకులు దీన్నే ఎత్తి చూపిస్తారు. అయితే రెండు సంగతులు పక్కన పెట్టుకుని చదవాలి. ఒకటి, 35 శాతం ఎక్కువ అంటే నూటికి ముప్పై ఐదుగురికి వస్తుందని కాదు. వెయ్యిలో పదిమందికి రావాల్సింది పదమూడు పద్నాలుగు మందికి రావడం లాంటిది. రెండు, స్ట్రెప్ కాని గొంతు ఇన్ఫెక్షన్ల తర్వాత కూడా ప్రమాదం పెరిగింది, కాస్త తక్కువగా. అంటే గుట్టు ఆ ఒక్క బ్యాక్టీరియా దగ్గర లేదేమో. ఇన్ఫెక్షన్ అనే ఒత్తిడిలోనో, ఇన్ఫెక్షన్లకి అతిగా స్పందించే శరీర తత్వంలోనో, ఊరికే డాక్టర్ దగ్గరికి ఎక్కువగా వెళ్ళే కుటుంబాలకి అన్ని జబ్బుల నిర్ధారణలూ ఎక్కువగా జరగడంలోనో ఉండొచ్చు.

చికిత్స ప్రయోగాలు కూడా పెద్దగా ఆదుకోలేదు. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన చిన్న ప్రయోగంలో ప్లాస్మా మార్పిడి, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చడం, టిక్స్‌నీ ఓసీడీనీ బాగా తగ్గించింది, ఐవీఐజీ అంటే రక్తనాళంలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్ ఓసీడీని తగ్గించింది గానీ టిక్స్‌ని అంతగా కాదు. మూడు గుంపులూ కలిపి 30 మంది పిల్లలు. పైగా ప్లాస్మా మార్పిడి గుంపుకి బూటకపు చికిత్సతో పోలిక లేదు, ఏం జరుగుతోందో ఇంట్లోవాళ్ళకి తెలుసు. 2016లో 35 మందితో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఐవీఐజీని మళ్ళీ పరీక్షిస్తే, ఆరు వారాల దగ్గర అసలు మందుకీ ఉత్తుత్తి మందుకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఐవీఐజీ అంటే వేలమంది దాతల ప్లాస్మాలోంచి తీసేది, పరీక్షల్లో వాడిన మోతాదు కిలో బరువుకి 2 గ్రాములు, పాతిక కిలోల పిల్లాడికి 50 గ్రాములు. అంత ఖరీదైన, తలనొప్పీ వాంతులూ తెచ్చే మందును వాటంతటవే తగ్గే టిక్స్‌కి ఎక్కించడం, మొహమాటం లేకుండా చెప్పాలంటే, పొరపాటే.

పాండాస్ ఆలోచన చేసినవాళ్ళు కూడా తర్వాత మారారు. 2012లో ప్రచురించిన 'పాన్స్' నిర్వచనంలో స్ట్రెప్ తప్పనిసరి అనే షరతు తీసేశారు, టిక్స్‌ని ప్రధాన లక్షణం స్థానంలోంచి తప్పించారు. ఒకటి రెండు రోజుల్లో ఓసీడీ విరుచుకుపడటం గానీ, తిండి దాదాపు మానేయడం గానీ ఇప్పుడు దాని ముఖ్య లక్షణం, దాంతోపాటు విపరీతమైన భయం, చేతిరాత చెడిపోవడం, పక్క తడపడం లాంటివి. అలాంటి పిల్లలు నిజంగా ఉన్నారు, వాళ్ళలో కొందరికైనా రోగనిరోధక కారణం ఉండే అవకాశం తోసిపుచ్చలేనిది. కానీ నెమ్మదిగా రెప్పలార్పడంతో మొదలై ఏళ్ళ తరబడి వచ్చిపోయే మామూలు టిక్స్ ఆ కోవలోకి రావు.

ఇక అసలు ఆసక్తికరమైన భాగం. స్ట్రెప్‌ని పక్కన పెట్టినా రోగనిరోధక వ్యవస్థ ఈ కథలోంచి పూర్తిగా తప్పుకోవడం లేదు. స్వీడన్ రికార్డుల్లో, టూరెట్ లేదా దీర్ఘకాలిక టిక్స్ ఉన్నవాళ్ళకి ఏదో ఒక ఆటోఇమ్యూన్ జబ్బు (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసేది) ఉండే అవకాశం 36 శాతం ఎక్కువని 2018లో తేలింది. కొంత పెరుగుదల వాళ్ళ దగ్గరి బంధువుల్లోనూ ఉంది. టిక్స్‌లో వంశపారంపర్యం వాటా చాలా పెద్దదని, 77 శాతం దాకా ఉంటుందని అదే దేశపు లెక్కలు చెబుతున్నాయి కాబట్టి, ఒకే కుటుంబంలో రెండు ధోరణులూ కలిసి నడుస్తున్నాయేమో అనిపిస్తుంది.

మెదడు లోపల చూస్తే ఇంకో కోణం కనిపిస్తుంది. టూరెట్ ఉండి చనిపోయినవాళ్ళ మెదళ్ళను అమెరికాలో పరిశీలిస్తే, బేసల్ గాంగ్లియాలో సంకేతాలకి బ్రేకులు వేసే కొన్ని రకాల చిన్న న్యూరాన్లు తక్కువగా ఉన్నాయి, మైక్రోగ్లియా సంబంధిత జన్యువులు ఎక్కువగా పనిచేస్తున్నాయి. పరిశీలించింది తొమ్మిది మెదళ్ళనే, అదీ పెద్దవాళ్ళవి. కాబట్టి బాకా ఊదాల్సిన పని లేదు గానీ, మైక్రోగ్లియా అంటే ఏమిటో తెలిస్తే ఇది ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. అవి మెదడులోనే కాపురముండే రోగనిరోధక కణాలు. క్రిములతో పోరాడటం వాటికి ఒక పని మాత్రమే. ఎదిగే మెదడులో అక్కర్లేని న్యూరాన్ లంకెల్ని కత్తిరించడం, పనికొచ్చే కణాలకి ఊతమివ్వడం కూడా వాటి పనులే. ఆ కత్తిరింపు కొంచెం తేడాగా జరిగితే, ఏ బ్యాక్టీరియా లేకపోయినా, ఏ యాంటీబాడీ గురి తప్పకపోయినా, కదలికల వడపోతలో లోపం రావచ్చు. ఇంతవరకు ఊహే, అయితే స్ట్రెప్ సిద్ధాంతం కంటే ఇది టిక్స్ స్వభావానికి బాగా సరిపోతుంది. చిన్నప్పుడే మొదలై, మెదడు ముదిరేకొద్దీ తగ్గడాన్ని ఇది వివరించగలదు, యాంటీబాడీ కథ వివరించలేదు.

యేల్ విశ్వవిద్యాలయ బృందం 2021లో పాండాస్ పిల్లల రక్తంలోని యాంటీబాడీలు బేసల్ గాంగ్లియాలోని కోలినర్జిక్ న్యూరాన్లనే (అసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో సంకేతాలు పంపేవి) ఎంచుకుని అంటుకుంటున్నాయని చూపించింది. ఇది కూడా చిన్న సంఖ్యలో ఎంపిక చేసిన పిల్లల్లోనే, ముఖ్యంగా ఓసీడీ హఠాత్తుగా వచ్చినవాళ్ళలో. ఇలాంటివి చదివి మార్కెట్లో దొరికే యాంటీబాడీ ప్యానెళ్ళు, అంటే ఒకేసారి పలు యాంటీబాడీలను చూసే రక్తపరీక్షలు, చేయించడం మాత్రం తొందరపాటు. స్వీడన్‌లో అలాంటి ఒక ప్యానెల్‌ని పరీక్షిస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ చాలామందికి పాజిటివ్ వచ్చింది.

ఇదంతా మన దగ్గర ఇంకో రకంగా ముఖ్యం. ధనిక దేశాల్లో రుమాటిక్ జ్వరం దాదాపు కనుమరుగైంది, మన దేశంలో కాలేదు, రుమాటిక్ గుండె జబ్బుతో కవాటాలు మార్పించుకునే యువతీయువకులు ఇప్పటికీ ఉన్నారు. అంటే హైదరాబాద్‌లోనో విజయనగరంలోనో కొత్తగా వింత కదలికలు మొదలైన పిల్లని చూసే డాక్టర్ ముందు అడగాల్సింది 'ఇది పాండాసా?' అని కాదు, 'ఇది కొరియా కాదు కదా?' అని. పాండాస్ తప్పిపోయినా పెద్దగా పోయేదేమీ లేదు, కొరియా తప్పిపోతే గుండె పోవచ్చు.

తేడా పట్టుకోవడం మరీ కష్టం కాదు. టిక్ ఒకే కదలిక అచ్చుగుద్దినట్టు మళ్ళీ మళ్ళీ వస్తుంది, పిల్లాడు కాసేపు ఆపుకోగలడు, ఆపుకుంటే లోపల దురదలాంటి ఒత్తిడి పెరుగుతుందంటాడు. కొరియాలో ఏది ఎప్పుడు కదులుతుందో తెలియదు, ఒక కదలిక ఇంకొకదానిలోకి జారిపోతుంది, ఆపుకోవడం చేతకాదు. పాలగ్లాసు చేతిలోంచి పడిపోతుంది, అక్షరాలు గీతలైపోతాయి, నాలుక చాపమంటే చాపి ఉంచలేదు, డాక్టర్ వేళ్ళు గట్టిగా పట్టుకోమంటే పిడికిలి బిగిస్తూ వదులుతూ పాలు పితికినట్టు చేస్తుంది. ఊరికే ఏడుపు, ఊరికే కోపం. కొరియా ఐదు నుంచి పదిహేనేళ్ళ మధ్య, అమ్మాయిల్లో ఎక్కువ. టిక్స్ అబ్బాయిల్లో ఎక్కువ.

ఏఎస్ఓ ఇక్కడ ఇంకో తమాషా చేస్తుంది. కొరియా గొంతునొప్పి తర్వాత ఒకటి నుంచి ఆరు నెలలకి గానీ బయటపడదు, అప్పటికి ఏఎస్ఓ మామూలు స్థాయికి దిగిపోయి ఉండొచ్చు. నిజంగా స్ట్రెప్ వల్ల వచ్చిన జబ్బులో పరీక్ష నార్మల్, స్ట్రెప్‌తో సంబంధం లేని టిక్స్‌లో పరీక్ష ఎక్కువ, ఇలా రావడానికి పూర్తి అవకాశం ఉంది. అందుకే కొరియా అని తేలితే, ఇతర కారణాలు లేవని చూసుకుంటే చాలు, స్ట్రెప్ రుజువు లేకపోయినా రుమాటిక్ జ్వరం కింద లెక్కిస్తారు. గుండెకి ఎకో తీస్తారు. బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ మూడు వారాలకోసారి ఏళ్ళ తరబడి వేయాలి.

టిక్స్‌కి మాత్రం మార్గం వేరు. పిల్లాడికి ఇబ్బంది లేకపోతే ఏమీ చేయక్కర్లేదు. బడిలో టీచర్‌కి ఒక మాట చెప్పి, ఇంట్లో 'ఆపరా' అనడం మానేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇబ్బంది పెడుతుంటే టిక్ వచ్చే ముందు లోపల కలిగే ఒత్తిడిని గుర్తుపట్టి దానికి పోటీగా ఇంకో కదలిక చేయడం నేర్పే శిక్షణ ఉంది, సీబిట్ అంటారు. 2010లో 126 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో ఇది నేర్చుకున్నవాళ్ళలో సగానికి పైగా మెరుగయ్యారు, పోలిక గుంపులో ఐదో వంతు కూడా కాలేదు. అది చాలకపోతే క్లోనిడిన్ లాంటి మందులు. గొంతునొప్పీ జ్వరమూ నిజంగా ఉండి స్ట్రెప్ అని తేలితే యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడాల్సిందే, అది గొంతు కోసం, గుండె కోసం. రెప్పలు ఆర్పుతున్నాడని నెలల తరబడి అజిత్రోమైసిన్ మింగించడానికి ఇప్పటిదాకా వచ్చిన ఆధారాల్లో ఒక్కటీ సరిపోదు.